తెలుగు వారాలు వస్తే జపనీస్ తొలి పాఠం సులువే

బెంగళూరు దగ్గర బిడదిలో టయోటా కర్మాగారం ఉంది. చెన్నై చుట్టుపక్కలా జపాన్ సంస్థలు ఉన్నాయి. అక్కడి మన పిల్లలు జపనీస్ నేర్చుకుంటామంటే తల్లిదండ్రులకు ఒక సందేహం వస్తుంది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో, బడిలో ఇంగ్లిషు, ఆపైన ఇదొకటా? తెలుగును కాస్త పక్కన పెడితే భారం తగ్గుతుందా? వారాలు, తేదీలు, వేళలు చెప్పే తొలి పాఠాన్ని చూస్తే చాలు. తెలుగు భారం కాదు, ఊతమని అర్థమవుతుంది.

గ్రహాలే వారాలు

మన వారాల పేర్లన్నీ గ్రహాలవే. జపనీస్‌లోనూ అంతే. పేరు చివర ‘యోబి’ చేరుతుంది. ఆదివారం నిచియోబి, ‘నిచి’ అంటే సూర్యుడు. సోమవారం గెత్సుయోబి, ‘గెత్సు’ చంద్రుడు. మిగతా ఐదు గ్రహాలను చైనా సంప్రదాయంలోని పంచభూతాలతో పిలుస్తారు. కుజుడు నిప్పు, కనుక మంగళవారం కయోబి. బుధుడు నీరు, సుయియోబి. గురుడు చెట్టు, మొకుయోబి. శుక్రుడు లోహం, కిన్‌యోబి. శని మట్టి, దొయోబి.

ఈ పోలిక కాకతాళీయం కాదు. భారతీయ జ్యోతిషంలోని గ్రహవారాలను 8వ శతాబ్దంలో అమోఘవజ్రుడనే బౌద్ధ పండితుడు చైనా భాషలోకి తెచ్చాడు. ఆ గ్రంథాన్ని 806లో కూకై అనే భిక్షువు జపాన్‌కు తీసుకువెళ్లాడు.

నెలలు తేలిక, తేదీలు కష్టం

నెలలకు వేరే పేర్లు లేవు. అంకెకు ‘గత్సు’ చేర్చడమే. జనవరి ఇచిగత్సు, ఫిబ్రవరి నిగత్సు. ఏప్రిల్, జూలై, సెప్టెంబరు మాత్రం షిగత్సు, షిచిగత్సు, కుగత్సు అని గుర్తుంచుకోవాలి.

తేదీల్లో ఒకటి నుంచి పది వరకు ప్రత్యేకమైన పేర్లున్నాయి: త్సుయితచి, ఫుత్సుక, మిక్క, యొక్క, ఇత్సుక, ముయిక, ననొక, యోక, కొకొనొక, తోక. ఇరవయ్యో తేదీ హత్సుక. పిల్లలు ఇన్నెందుకని అడిగితే మన తిథులు గుర్తుచేయండి. రెండు, మూడు అనకుండా విదియ, తదియ అంటున్నాం కదా! త్సుయితచి అన్న మాటకు మూలార్థం కూడా చంద్రుడు పొడవడమే.

నాలుగో తేదీ యొక్క, ఎనిమిదో తేదీ యోక. ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకుంటే ఈ తేడా తేలిగ్గా జారిపోతుంది. ఒడియా లిపిలో హ్రస్వ ఒకారానికి వేరే గుర్తే లేదు. తెలుగు లిపిలో ఒ, ఓ వేరు, ద్విత్వమూ ఉంది. అందుకే మన పిల్లలు మొదట్లో నోటు పుస్తకంలో ఉచ్చారణను తెలుగులోనే రాసుకోవడం మంచిది.

పూర్తి తేదీ చెప్పేటప్పుడు ముందు సంవత్సరం, తర్వాత నెల, తేదీ, వారం వస్తాయి. ఇంట్లో ఉన్న పాత శుభలేఖ తీసి చూపించండి. అందులోనూ ఇదే వరుస.

గంటలు, నిమిషాలు

గంటకు ‘జి’ చేర్చాలి. నాలుగు గంటలు యొజి, ఏడు షిచిజి, తొమ్మిది కుజి. ఏడున్నరను షిచిజి హన్ అంటారు. మనలాగే ‘అర’ చివరనే. నిమిషాల్లో మాత్రం సంధి ఉంది. ఇచి, ఫున్ కలిస్తే ఇప్పున్. రొకు, ఫున్ కలిస్తే రొప్పున్. మూడు, నూరు కలిసి మున్నూరైనట్టే.

వాక్యం కట్టడంలో అసలు లాభం ఉంది. ‘షిచిజి ని ఒకిమసు’ అంటే ‘ఏడు గంటలకు లేస్తాను’. ‘ని’ మన ‘కు’. ‘నేను’ అనక్కర్లేదు, క్రియ చివర్లో వస్తుంది. ‘కుజి కర యొజి మదె’ అంటే ‘తొమ్మిది నుంచి నాలుగు వరకు’. మాట వెనుక మాట అదే వరుసలో సరిపోతుంది.

జపనీస్ లిపికి ఏళ్ల సాధన కావాలి, అందులో తెలుగు చేసే సాయం తక్కువే. కానీ తొలి నెలలో పిల్లలకు ధైర్యం రావాలి. అందుకు ఉపాధ్యాయులు తరగతి టైంటేబుల్‌నే పాఠంగా తీసుకోవచ్చు. ఒక్కొక్కరూ తమ దినచర్యను ముందు తెలుగులో, వెంటనే జపనీస్‌లో చెప్పాలి. అయితే సుయియోబి చెప్పడానికి ముందు బుధవారం రావాలి. వెడ్నెస్‌డే మాత్రమే వచ్చిన పిల్లలకు ఇంట్లో ముందు తెలుగు వారాలు నేర్పుదాం.