లారీ కిరాయి లెక్క



గరివిడి ప్రాంతంలో మొక్కజొన్న ఎండి బస్తాలకెక్కగానే ఒక మాట వినబడుతుంది: "బాబూ, విజయనగరం ఎంత దూరమని? పాతిక ముప్పై కిలోమీటర్లకి ఏటి, యింత కిరాయా?" అడగవలసిన ప్రశ్నే. అయితే లారీవారు లెక్క వేసేది దూరం ఒక్కటే కాదు. బండి ఒక పూటంతా మనకు అప్పగించినందుకు లెక్క వేస్తారు.

విజయనగరంలో సరుకు దింపాక తిరుగు లోడు దొరక్కపోతే బండి ఖాళీగా రావలెను. ఆ డీజిలు ఖర్చు కూడా మన కిరాయిలోనే కలుస్తుంది. కాబట్టి ఊళ్లో ఎరువో, సిమెంటో దింపి ఖాళీగా పోయే బండి దొరికితే కిరాయి తగ్గించి అడగవచ్చు. ఎలాగూ పోవలసిన బండే గదా! ఎరువుల దుకాణంలో ముందురోజే వాకబు చెయ్యండి.

కళాసీలు ఆలస్యమై, కాటా దగ్గర వరుస ఉండి బండి సగం రోజు నిలిచిందనుకోండి. ఆ పూట మరో కిరాయి పోయినట్టే. అందుకే హాల్టింగు అడుగుతారు. ఎన్ని గంటల వరకు ఉచితం, తరువాత గంటకెంత అన్నది బండి కదలకమునుపే మాట్లాడుకోవలెను. టోలు, కళాసీల కూలి, డ్రైవరు బత్తా కిరాయిలో కలిసినవా, విడిగానా? దిగుమతి దగ్గర తగాదాలన్నీ ఈ ఒక్క ప్రశ్న అడగనందువల్లనే, నేను చూసినంతలో.

ఇక బరువు. కిరాయి 4,000 రూపాయలనుకుందాం. 50 బస్తాలు వేస్తే బస్తాకు 80 రూపాయలు పడును. పక్క కళ్లంవారి 50 కూడా కలిపితే 40 రూపాయలే. బస్తాలపై ఎవరి గుర్తు వారు వేసుకుంటే చాలు. గోగునార, గడ్డి అయితే బరువు నిండకముందే తొట్టి నిండిపోతుంది. అందుచేత వాటికి టన్ను లెక్కన కాక బండి లెక్కన అడుగుతారు. నార బిగించి కట్టండి, ఎక్కువ పడుతుంది.

అలాగని మితిమీరి ఎక్కించరాదు. ఆరు చక్రాల లారీకి సరుకుతో సహా మొత్తం బరువు పరిమితిని 2018లో 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకు పెంచారు. బండి సొంత బరువు పోగా మిగిలిందే సరుకు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో అధిక బరువుకు జరిమానా 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకు మరి 2,000.

అందరి నూర్పులూ ఒక్కసారే అయినప్పుడు కిరాయి పెరుగును. వారం ఆగగలిగినవారు ఆగవచ్చు. మబ్బు పట్టిందంటే మాత్రం కిరాయి చూసుకుంటూ కూర్చోకండి. తడిసిన మొక్కజొన్నకు బూజు బేగి పడుతుంది.