బాల్కనీ గాజు తలుపు: ఊరిని బట్టి, దిక్కును బట్టి ఎంపిక

ఒకప్పుడు మన ఇళ్లలో గదికీ వీధికీ మధ్య వసారా ఉండేది. ఎండ తీవ్రత, వాన జల్లు చాలావరకు అక్కడే ఆగిపోయేవి. నేటి అపార్ట్‌మెంట్లలో ఆ స్థానాన్ని బాల్కనీ ఆక్రమించింది. హాలుకూ బాల్కనీకీ మధ్య గోడకు బదులు నిలువెత్తు గాజు తలుపు వచ్చింది. ఆ తలుపు వల్ల ఇంట్లోకి వెలుతురు వస్తుంది, గది విశాలంగా కనిపిస్తుంది. అయితే గాలివానకు, పడమటి ఎండకు, ఆడుకుంటూ వచ్చి తగిలే పిల్లల తాకిడికి తట్టుకొని నిలవవలసిన గోడ కూడా అదే. కనుక దుకాణంలో చూడగానే నచ్చిన తలుపు అన్ని ఊళ్లకూ, అన్ని ఇళ్లకూ సరిపోదు. ఒకే తలుపును హైదరాబాద్‌లో ఒకసారి, విశాఖపట్నంలో ఒకసారి అమర్చినట్లు ఊహించుకుంటే ఈ తేడా స్పష్టమవుతుంది.

ముందు గాజు, తరువాతే చట్రం

కొనుగోలుదారులు సాధారణంగా చట్రం రంగు, ధరతో మొదలుపెడతారు. నిజానికి మొదట అడగవలసినది గాజు గురించి. సాధారణ గాజు పగిలితే కత్తుల వంటి పొడవాటి ముక్కలవుతుంది. పాదం నుంచి తల వరకు ఉండే తలుపులో అటువంటి గాజు ప్రాణాపాయానికి దారితీయవచ్చు. టఫెన్డ్ గాజును 600 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడిచేసి, గాలితో వేగంగా చల్లారుస్తారు. ఇది సాధారణ గాజు కంటే 4 నుంచి 5 రెట్లు దృఢంగా ఉంటుంది, పగిలినా చిన్న చిన్న పలుకులుగా రాలుతుంది. లామినేటెడ్ గాజులో రెండు పలకల మధ్య పారదర్శకమైన పొర ఉంటుంది. గాజు పగిలినప్పుడు ముక్కలు ఆ పొరకే అంటిపెట్టుకొని ఉంటాయి.

పిల్లలు, వృద్ధులు ఉన్న ఇంట్లో ఈ రెండింటిలో ఏదో ఒకటి తప్పనిసరి. పై అంతస్తుల్లో, తుపాను తాకే తీరప్రాంతాల్లో లామినేటెడ్ గాజు మేలు. పగిలినా అది చాలావరకు చట్రంలోనే నిలిచి గాలిని అడ్డుకుంటుంది, కింద నడిచేవారి మీద పడే ప్రమాదమూ తగ్గుతుంది. భవనాల్లో వాడే భద్రతా గాజుకు భారత ప్రమాణాల సంస్థ రూపొందించిన ప్రమాణం ఐఎస్ 2553 మొదటి భాగం. గాజు మూలన చెరగని ముద్ర ఉందో లేదో చూడాలి. ఐఎస్ఐ గుర్తుతో ఉండే లైసెన్స్ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. టఫెన్డ్ గాజును తయారైన తరువాత కోయడం సాధ్యం కాదు. అందువల్ల కొలతలు ముందే ఖాయం కావాలి.

గాలి వేగం కొద్దిగా పెరిగినా ఒత్తిడి చాలా పెరుగుతుంది

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. పెనుగాలి ముందు గాజు తలుపులు, కిటికీలు ఎంత బలహీనమో నగరవాసులకు ఆ రోజు తెలిసివచ్చింది. భవనాలపై గాలి ఒత్తిడిని లెక్కించే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడవ భాగం హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్ల గాలి వేగాన్ని, విశాఖపట్నానికి 50 మీటర్ల వేగాన్ని ప్రాతిపదికగా తీసుకుంటుంది. వేగంలో తేడా సుమారు 14 శాతమే. కానీ ఒత్తిడి వేగం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కనుక, ఒత్తిడిలో తేడా 29 శాతానికి చేరుతుంది.

2.4 మీటర్ల వెడల్పు, 2.1 మీటర్ల ఎత్తు ఉన్న తలుపును ఉదాహరణగా తీసుకుందాం. సెకనుకు 50 మీటర్ల గాలి దాని మీద చూపే బలం స్థూలంగా 770 కిలోల బరువుకు సమానం. అంతస్తు పెరిగేకొద్దీ గాలి వేగమూ పెరుగుతుంది. కాబట్టి తీరంలోని ఎత్తైన భవనానికి గాజు మందం ఎంత ఉండాలో, చట్రం లోపలి ఊత ఎలా ఉండాలో నిర్ణయించవలసినవారు స్ట్రక్చరల్ ఇంజనీరు. పక్కింటివారు ఎంత మందం వేశారన్నది అందుకు ఆధారం కాదు.

తలుపు పెద్దదైనా తెరుచుకునేది ఎంత?

జరిపే తలుపుకు స్థలం కలిసివస్తుంది. అయితే రెండు రెక్కల తలుపు ఎంత తెరిచినా సగం గాజుతో మూసే ఉంటుంది. నివాస భవనాల్లో ఇంధన పొదుపు కోసం కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత ఈ అంశాన్ని లెక్కలోకి తీసుకుంది. రెండు రెక్కల జరిపే తలుపులో 50 శాతం, మూడు రెక్కలదానిలో 67 శాతం, కీలుతో తెరుచుకునేదానిలో 90 శాతం మేరకు గాలి వచ్చే మార్గంగా అది పరిగణిస్తుంది. ఇంటి నేల వైశాల్యంలో కనీసం ఎంత భాగం ఇలా తెరుచుకోవాలో కూడా చెబుతుంది. హైదరాబాద్ వంటి మిశ్రమ వాతావరణానికి అది 12.5 శాతం, విశాఖ వంటి ఉక్కపోత వాతావరణానికి 16.66 శాతం.

ఈ నిష్పత్తి ఇల్లు మొత్తానికి ఉద్దేశించినదైనా, 20 చదరపు మీటర్ల హాలుకు అన్వయించి చూస్తే విషయం బోధపడుతుంది. హైదరాబాద్‌లో ఆ హాలుకు 2.5 చదరపు మీటర్ల మార్గం కావాలి. పైన చెప్పిన రెండు రెక్కల తలుపు 2.52 చదరపు మీటర్లు ఇస్తుంది కనుక సరిపోతుంది. విశాఖలో 3.33 చదరపు మీటర్లు కావాలి. అక్కడ అదే కొలతల్లో మూడు రెక్కల తలుపో, కీలు తలుపో అయితే తప్ప చాలదు. దోమల జాలీకి వేరే రెక్కను మొదటే అమర్చుకోవాలి. జాలీ లేకపోతే సాయంత్రం కాగానే తలుపు మూయక తప్పదు. అప్పుడు ఈ లెక్కలన్నీ కాగితానికే పరిమితమవుతాయి.

ఎండ ఏ దిక్కు నుంచి?

దక్షిణం నుంచి వచ్చే మధ్యాహ్నపు ఎండను పై బాల్కనీ పలకో, సన్‌షేడో అడ్డుకుంటుంది. పడమటి ఎండ వాలుగా వస్తుంది కనుక పైకప్పు నీడ దానిని ఆపలేదు. అటువంటి చోట ఎండ వేడిని తక్కువగా లోపలికి పంపే పూత ఉన్న గాజు ఉపకరిస్తుంది. రెండు పలకల మధ్య ఖాళీ ఉండే జంట గాజు ఏసీ గదులకు, రోడ్డు పక్క ఇళ్లకు ప్రయోజనకరమే. కానీ పూత లేనిదే నేరుగా పడే ఎండను అది పెద్దగా తగ్గించదు. గాజుకు లోపలి వైపు తెర వేసేసరికి వేడి అప్పటికే గదిలోకి వచ్చేసి ఉంటుంది. బాల్కనీ అంచున వెదురు తడికలు కడితే ఎండ గాజును తాకక ముందే ఆగుతుంది. మన పెద్దలు వేసవిలో వట్టివేళ్ల తడికలను గుమ్మం బయట కట్టడంలోని మర్మమూ ఇదే.

చట్రం, గడప

టేకు చట్రం అందమైనదే కానీ వానకు ఉబ్బుతుంది, చెదల భయమూ ఉంటుంది. క్రమంగా పాలిష్ చేయించగలిగినవారికే అది అనువైనది. అల్యూమినియం సన్నగా ఉండి పెద్ద గాజును మోయగలదు. కానీ వేడిని త్వరగా లోపలికి ప్రసరింపజేస్తుంది, సముద్రపు ఉప్పు గాలికి తగిన పూత లేకపోతే పాడవుతుంది. యూపీవీసీకి తుప్పు, చెదలు లేవు. వేడినీ తక్కువగానే లోపలికి రానిస్తుంది. అయితే వెడల్పైన తలుపులో దాని లోపల జింకు పూత గల ఉక్కు ఊత ఉండి తీరాలి. తీరప్రాంతాల్లో మరలు, రోలర్లు స్టెయిన్‌లెస్ స్టీలువి కావాలి. 8 మిల్లీమీటర్ల గాజు చదరపు మీటరుకు 20 కిలోలు తూగుతుంది. పైన చెప్పిన తలుపులో ఒక్కో రెక్క గాజే సుమారు 50 కిలోలు. నాసిరకం రోలర్లు ఆ బరువును ఎక్కువ కాలం మోయలేవు.

గదిలోకి నీరు చేరడానికి తరచు కారణం గాజు కాదు, గడప. బాల్కనీ నేల హాలు కంటే పల్లంగా, నీరు పోయే గొట్టం వైపు వాలుగా ఉండాలి. కింది పట్టాలో నీరు బయటకు పోయే రంధ్రాలు ఉండాలి, వాటిని వానాకాలానికి ముందు శుభ్రం చేయాలి. ఎత్తైన గడప వానను ఆపుతుంది కానీ వృద్ధుల కాలికి అడ్డుపడుతుంది. చక్రాల కుర్చీ వాడేవారున్న ఇంట్లో గడప దాదాపు నేలమట్టంగా, తెరుచుకునే దారి కనీసం 900 మిల్లీమీటర్లు ఉండేలా చూసుకోవాలి. గాజు ఉన్నట్లు తెలిసేలా కంటి ఎత్తున గుర్తులు, పిల్లలకు అందని ఎత్తులో గడియ కూడా అవసరం.

కొటేషన్‌లో ఏముండాలి?

గాజు రకం, మందం, ప్రమాణం సంఖ్య, చట్రం లోపలి ఊత, రోలర్లు మోయగల బరువు, తెరుచుకునే వైశాల్యం, జాలీ రెక్క, వారంటీ గడువు రాతపూర్వకంగా ఉండాలి. అమర్చిన రోజే బయటి వైపు నుంచి నీళ్లు చల్లించి, లోపలికి చెమ్మ రాలేదని నిర్ధారించుకున్న తరువాతే తుది చెల్లింపు చేయడం మంచిది. ఖర్చు తగ్గించుకోవలసి వస్తే తలుపు వెడల్పును, చట్రం అలంకరణను తగ్గించుకోవచ్చు. గాజు భద్రత విషయంలో మాత్రం రాజీ తగదు.