ముసుగును చట్టమును

హైదరాబాదునుండి బెజవాడకు పోవు రాజమార్గముపై చౌటుప్పలులో ప్రొద్దుటివేళ బస్సుకై నిలిచి చూచిన పాఠకులకు మేము చెప్పబోవు విషయము కన్నులకు గట్టును. కళాశాలకు పోవు బాలికలలో కొందఱు బురఖా ధరించియుందురు, కొందఱు ఓణీ భుజమున వేసికొనియుందురు. ఎక్కు బస్సొక్కటే. 2023 డిసెంబరునుండి తెలంగాణమున సర్కారుబస్సులలో స్త్రీలకు ఛార్జీ లేదు. కండక్టరిచ్చు జీరోటిక్కెట్టు ఎవరి తలపై నేమున్నదని యడుగదు.

ఫ్రాన్సుదేశమున నదియే పెద్ద రాజకీయసమస్య యైనది. 2004లో సర్కారుబడులలో ప్రస్ఫుటమైన మతచిహ్నములను, వానితోపాటు ముస్లిము బాలికల తలగుడ్డను, చట్టము నిషేధించినది. 2010నాటి చట్టము బహిరంగస్థలములలో ముఖము కప్పుకొనుటనే నేరము చేసినది. జరిమానా 150 యూరోల వరకు. 2014లో ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము ఈ రెండవ చట్టమును సమర్థించుచు, కలసి జీవించుట యను నాశయమును ఆధారముగా గైకొన్నది. ముఖము కనబడనిదే ఇరుగుపొరుగుతో స్నేహమెట్లు పొసగునని వారి వాదము. వాదమున బలము లేకపోలేదు. కాని జరిమానాకు జడిసి యింటనే కూర్చుండిన స్త్రీ యెవరితో కలసి జీవించును?

ఘోషా ముస్లిములకే చెందినదని తలచువారు పొరబడుచున్నారు. దేశముఖుల గడీలలోని దొరసానులు తెరగట్టిన సవారికచ్చడములలో గాని గడప దాటకుండిరి. విశాఖపట్టణమున స్త్రీల ఆసుపత్రిని జనులు నేటికిని ఘోషాసుపత్రి యనియే పిలుచుచున్నారు. కచ్చడముల తెరలను ఏ పోలీసువాడును చింపలేదు. 1930లో జోగిపేటలో ఆంధ్రమహాసభతోపాటు మహిళాసభయు జరిగినది; బడులు వచ్చినవి, జాగీరులు పోయినవి, కచ్చడములు కొట్టములలో మూలబడినవి.

హైదరాబాదు ముస్లిము స్త్రీల చరిత్రయు నీ విషయమున గమనింపదగినది. 1907లో వెలసిన మహబూబియా బాలికాపాఠశాల ఘోషా కుటుంబముల బాలికలకు వారి మర్యాదకు భంగము రానీయక చదువు చెప్పినది. ఆ బడిలో చదివిన మాసూమా బేగముగారు 1952లో హైదరాబాదు శాసనసభకు ఎన్నికయి, 1960లో ఆంధ్రప్రదేశ మంత్రులైరి. ముసుగు తీసి లోనికి రమ్మని ద్వారముకడనే నిలువరించియున్నచో, ఆ తరము బాలికలలో నెందఱు లోన నడుగిడియుందురు? సుగ్రా హుమాయూన్ మీర్జాగారు పరదాను తామే విడిచిరి, పత్రిక నడిపిరి, బాలికలకు బడి పెట్టిరి. ఆ నిర్ణయము వారిది.

పాశ్చాత్యులందఱును ఫ్రాన్సు దారి త్రొక్కలేదు. అమెరికా ప్రతినిధిసభలో టోపీ ధరింపరాదను నియమము 1837నుండి యున్నది. తలగుడ్డ ధరించు ఇల్హాన్ ఒమరుగారు ఎన్నికయి వచ్చినపుడు, 2019 జనవరిలో, సభవారు నియమమునే సవరించుకొనిరి. మన పొరుగున కర్ణాటకమున 2022లో దీనికి విపరీతము జరిగి, తలగుడ్డ వివాదమున కొందఱు బాలికలు పరీక్షలకే దూరమైరి. ఆ యేటి అక్టోబరులో సుప్రీముకోర్టు న్యాయమూర్తులిరువురు భిన్నతీర్పులిచ్చిరి.

ఇక బలవంతమున కప్పించువారి సంగతి. ఇరానులో 1936లో ముసుగు తీయవలెనని రాజాజ్ఞ వెడలినది. 1979 విప్లవము పిమ్మట తల కప్పవలెనని శాసనమైనది. 2022లో తలగుడ్డ సరిగా లేదని పోలీసులు పట్టుకొనిపోయిన మహ్సా అమీనీ యను యువతి వారి నిర్బంధమున కుప్పకూలి, ఆసుపత్రిలో మరణించెను. మన యూళ్లలోని తండ్రులును మామలును కొన్నియెడల నిట్టి శాసనకర్తలే యని చెప్పుటకు మేము వెనుదీయము. పరీక్షామందిరమున, పోలింగుకేంద్రమున, గుర్తింపుకార్డు చూపవలసిన ప్రతిచోట ముఖము చూపుమనుట న్యాయము. ఆ పని స్త్రీ యుద్యోగి చేతికిచ్చినచో చాలవరకు పేచీయే యుండదు.