రేషన్ కార్డు: కంప్యూటర్‌కు డౌట్ వస్తే కార్డు పోయినట్టేనా? మన వివరాలు ఎంత సేఫ్?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల నుంచి పని కోసం ముంబై, పుణె, హైదరాబాద్ వెళ్లే కుటుంబాలు ఎన్నో. నెలల తరబడి ఊళ్లో ఉండరు, రేషన్ షాపుకు రారు. పాలమూరు వలస గురించి తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. కానీ లెక్కలు మాత్రమే చూసే కంప్యూటర్‌కు ఇదే 'తేడా'గా కనిపించొచ్చు.

తేడాను ఎలా పట్టుకుంటారు?

లక్షల రికార్డుల్లో మిగతావాటికి భిన్నంగా ఉన్నవాటిని సాఫ్ట్‌వేర్ వెతికి పక్కన పెడుతుంది. దీన్నే అనామలీ డిటెక్షన్ అంటారు. అర్ధరాత్రి అకౌంట్ నుంచి పెద్ద మొత్తం వెళ్తే బ్యాంకు అలర్ట్ పంపేది ఇలాగే. వేర్వేరు శాఖల వివరాలు కలిపి చూడటం ఇంకో పద్ధతి. రేషన్ తీసుకునే వ్యక్తి పేరు మీద కారు ఉన్నట్టు రవాణా శాఖ డేటాలో కనిపిస్తే అనుమానం మొదలవుతుంది.

తెలంగాణలో ఏం జరిగింది?

దాదాపు 30 శాఖల డేటాను కలిపే 'సమగ్ర వేదిక'ను రాష్ట్ర ప్రభుత్వం తెచ్చింది. పేరు, తండ్రి పేరు, అడ్రస్ లాంటివి పోల్చి, ఇద్దరూ ఒకరేనా అని ఇది అంచనా వేస్తుంది. చిక్కంతా ఇక్కడే. మన దగ్గర ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు ఊరికి నలుగురు ఉంటారు. హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడిని కారు ఓనర్‌గా లెక్కగట్టిన ఉదంతం కూడా బయటపడింది.

రద్దయిన దాదాపు 19 లక్షల కార్డుల వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇళ్లకు వెళ్లి మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. ఆ తర్వాత చూసిన సుమారు 2 లక్షల దరఖాస్తుల్లో 15 వేలకు పైగా అర్హులవేనని తేలింది. అంటే అన్ని కుటుంబాల బియ్యం తప్పుగా ఆగిపోయినట్టే.

మరి ప్రైవసీ సంగతి?

దాచాల్సింది ఒక్కరి వివరం. పట్టుకోవాల్సిందీ ఒక్కరి వివరమే. అందుకే ఇది కష్టమైన పని. అయినా దారులున్నాయి. మొదటి వడపోతలో పేరు, ఆధార్ నంబర్ తీసేసి, వాటి బదులు ఒక కోడ్ పెట్టొచ్చు. అవసరమైన కాలమ్‌లే చూడొచ్చు: కారు ఉందా లేదా అన్నది చాలు, కరెంటు బిల్లు, ఫోన్ నంబర్ అక్కర్లేదు. తేడా వచ్చిన రికార్డులనే అధికారి తెరవాలి. ఎవరు, ఎప్పుడు తెరిచారో నమోదు కావాలి. చివరి నిర్ణయం మాత్రం ఇంటికి వెళ్లి చూశాకే తీసుకోవాలి.

గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 నాటి డేటా రక్షణ చట్టం తప్పులు సరిచేయించుకునే హక్కును గుర్తించింది. అయితే రాయితీలు, పథకాల కోసం ప్రభుత్వం డేటా వాడుకునే వీలు కూడా అదే చట్టంలో ఉంది.

కార్డు ఆగితే ఏం చేయాలి?

కారణం రాతపూర్వకంగా అడగండి. తహసీల్దార్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. పౌరసరఫరాల హెల్ప్‌లైన్ 1967కు కాల్ చేయొచ్చు. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారిని కూడా కలవొచ్చు. కార్డు సరిచేస్తామంటూ ఎవరైనా ఫోన్ చేసి ఓటీపీ అడిగితే మాత్రం చెప్పొద్దు.