వీసా కన్నా ముందే వెతుకులాట

అన్నవరం రత్నగిరి మీద సత్యదేవుడి వ్రతానికి కూర్చునేవాళ్లలో పరదేశ ప్రయాణం పెట్టుకున్నవాళ్లూ ఉంటారు. పాస్‌పోర్టు, టికెట్టు చేతికొచ్చేది చివర్లో. అంతకు ఎన్నో నెలల ముందే 'కువైట్ డ్రైవర్ జాబ్', '18 నంబర్ వీసా', '20 నంబర్ వీసా' అంటూ ఫోన్‌లో వెతుకులాట మొదలవుతుంది. కువైట్‌లో 18 అంటే కంపెనీ పని, 20 అంటే ఇంటిపని. ఈ వెతుకులాటలన్నీ కూడితే ఏ దేశానికి వలస పెరగబోతోందో ముందే తెలుస్తుందా?

కొంతవరకు తెలుస్తుందని మార్కస్ బ్యోమె, ఆండ్రే గ్రోగర్, టోబియాస్ స్టోర్ అనే ఆర్థికవేత్తలు 2020లో చూపించారు. వలసకూ, ఆర్థిక స్థితికీ సంబంధించిన మాటలను ఇంగ్లీషు, ఫ్రెంచి, స్పానిష్ భాషల్లో ఎంచుకుని, ఏ దేశంలో ఎంతగా వెతుకుతున్నారో గూగుల్ ట్రెండ్స్‌లో చూశారు. జనాభా, ఆదాయం వంటి పాత లెక్కలకు వాటిని చేర్చితే వలస అంచనా మెరుగుపడింది. అధికారిక వలస లెక్కలు చాలా ఆలస్యంగా వస్తాయి. వెతుకులాట మాత్రం ఏ వారానిది ఆ వారమే కనబడుతుంది.

మరో ఉదాహరణ: 2015లో శరణార్థులు యూరప్ దారి పట్టినప్పుడు, టర్కీలో అరబ్బీ భాషలో 'గ్రీసు' కోసం వెతకడం బాగా పెరిగిందని అమెరికాలోని ప్యూ పరిశోధన సంస్థ గమనించింది.

ఇక మన గోదావరి జిల్లాల సంగతికొస్తే, వీటికి వలస కొత్త కాదు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి జనం ఓడలెక్కి రంగం (రంగూన్) వెళ్లేవారు. అందుకే బర్మాలో తెలుగువాళ్లకు కోరంగీలనే పేరు పడింది. 1930లో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద జరిగిన దాడుల్లో ఎందరో చనిపోయారు. ఇప్పుడు ఆ దారి గల్ఫ్ వైపు తిరిగింది. కోనసీమ, పశ్చిమ గోదావరి పల్లెల నుంచి ఎందరో ఆడవాళ్లు కువైట్‌కి ఇంటిపనికి వెళ్తున్నారు.

చిక్కంతా ఇక్కడే. 2019-20లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు 21 శాతమే, మగవాళ్లు 48.8 శాతం. ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లలో చాలామందికి వీసా కబురు గూగుల్ నుంచి రాదు. అప్పటికే అక్కడున్న పిన్నో వదినో ఫోన్ చేసి చెబుతుంది, లేదా ఊళ్లోకి సబ్ ఏజెంటు వస్తాడు. పైగా ట్రెండ్స్ చూపేది ఎంతమంది వెతికారో కాదు, 0 నుంచి 100 వరకు ఉండే కొలత మాత్రమే. వెతికినవాళ్లు మరీ తక్కువైతే సున్నా అనే చూపిస్తుంది.

ఇదే పద్ధతిలో జ్వరాలను ముందే పసిగట్టాలని 2008లో గూగుల్ మొదలుపెట్టిన 'ఫ్లూ ట్రెండ్స్' 2012-13 చలికాలంలో ఉన్నదానికి మించి అంచనా వేసి దెబ్బతింది. అందుకే ట్రెండ్స్ గీతలతో వలస వెళ్లేవాళ్ల తలలు లెక్కపెట్టడం తప్పు. ఏ ప్రాంతంలో ఏ వీసా మీద ఆశ పెరుగుతోందో తెలుసుకుని, ఏజెంట్ల కన్నా ముందే అక్కడ అవగాహన కల్పించడానికి మాత్రం ఇవి బాగా పనికొస్తాయి. వెతుకులాటలో కనబడని ఆడవాళ్ల కోసం గ్రామ సచివాలయం, డ్వాక్రా సంఘం కదలాలి.

గల్ఫ్ వెళ్లాలనుకునేవారు డబ్బు కట్టేముందు ఒక్క పని చేయాలి. ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూడాలి. రిజిస్టరైన ఏజెంటైనా రూ.30,000, దానిపై జీఎస్టీకి మించి సర్వీసు చార్జీ అడగకూడదు.