ఎల్క్ వేటకు ముందే లెక్క

అమెరికా పడమటి రాష్ట్రాల్లో ఎల్క్ అనే పెద్ద జింక ఉంది. మన కణుజు జాతికి చుట్టమే. మగది 300 కిలోలకు పైనే తూగుతుంది. చలికాలం మందలుగా దిగి గడ్డివాములు, లూసర్న్ చేలు మేసేస్తుంది. అందుకే అక్కడి రాష్ట్రాలు లెక్క కట్టి వేటకు లైసెన్సులిస్తాయి.

చిక్కు ఎక్కడంటే, సర్కారు భూమి చాలాచోట్ల ప్రైవేటు పొలాల మధ్య ముక్కలుగా ఉంటుంది. తుపాకీ మోగగానే మంద వేట లేని పొలాల్లోకి చేరుతుంది. రైతుకు నష్టం, వేటగాడికి వట్టి చేతులు.

వేటగాడు చూసుకోవలసినవి:

* కొలరాడోలో చాలా ప్రాంతాలకు లైసెన్సు డ్రాలోనే వస్తుంది. శరదృతువు వేటకు వసంతంలోనే దరఖాస్తు పెట్టాలి.
* పటంలో హద్దులు, దారి సరిచూసుకోవాలి. పొలం గుండా పోవాలంటే రైతును ముందే అడగాలి.
* రోడ్డుకు దూరంగా నీరు, మేత, దట్టమైన చెట్లు ఉన్న చోటు మంచిది. ఎల్క్ పొద్దున, సాయంత్రం మేసి పగలు నీడన పడుకుంటుంది.
* ఎముక తీసినా మాంసం చాలా బరువు. ఒక్కడే అయితే నాలుగైదు మోతలు. ఎండకు చెడకముందే చేర్చాలి.

మోంటానాలో 1985 నుంచి ఒక పద్ధతి ఉంది. వేటగాళ్లను పొలంలోకి రానిచ్చిన రైతుకు రాష్ట్రమే సొమ్మిస్తుంది. చేనూ దక్కుతుంది.

మన దగ్గర 1972 చట్టం ప్రకారం వేట నిషేధం. అడవిపంది చేను తొక్కినా అటవీశాఖ అనుమతి లేనిదే చంపరాదు. నష్టాన్ని వెంటనే వారికి తెలపాలి. కరెంటు తీగ మాత్రం పెట్టొద్దు. ఆ తీగకు పందీ, పక్కచేను రైతూ ఒక్కటే.