ఎడారిలో మేమిద్దరం... మధ్యలో ఓ బట్టమేక పిట్ట!

ఎడారి అనగానే సినిమా ప్రియులకి కళ్ల ముందు కదిలే దృశ్యం తెలిసిందే. కనుచూపు మేరా ఇసుక తిన్నెలు, గాలికి ఎగిరే షిఫాన్ చీర, వెనకాల ఒంటె, ముందు హీరో! పెళ్లయిన మొదటి శీతాకాలం మా ఆవిడ "ఏమండీ, ఊటీ అందరూ వెళ్తారు. మనం ఎడారికి వెళ్దాం" అన్నప్పుడు డ్యూయెట్ కోసమే అనుకుంటారు ఎవరైనా. ఆవిడకి కావలసింది వేరు. వాళ్లది కర్నూలు సీమలో నందికొట్కూరు ప్రాంతం. జొన్నచేలల్లో దర్జాగా నడిచే బట్టమేక పిట్ట గురించి తాతయ్య చెప్పగా విందట. ఆ పిట్టను కళ్లారా చూడాలంటే ఇప్పుడు రాజస్థాన్ వెళ్లాల్సిందే!

అలా ఓ చలి ఉదయాన జైసల్మేరులో రైలు దిగాం. ఈ ఊరు సినిమా వాళ్లకి కొత్త కాదు. సత్యజిత్ రాయ్ 'సోనార్ కెల్లా' (1974) తీసింది ఇక్కడి పసుపురాతి కోటలోనే. సునీల్ దత్ 'రేష్మా ఔర్ షేరా' (1971) తీసిందీ ఈ ఇసుకలోనే. అందులో రేష్మాగా నటించి జాతీయ ఉత్తమ నటి అవార్డు అందుకున్న వహీదా రెహమాన్ ఎవరనుకున్నారు? 'రోజులు మారాయి' (1955)లో ఏరువాక పాటకి చిందేసి మన ఆంధ్రదేశాన్ని ఊపేసిన అమ్మాయే! అన్నట్టు, ఆ సినిమాలో అమితాబ్ బచ్చన్ మూగవాడు. అంత గొంతు పెట్టుకుని ఒక్క డైలాగూ లేదు!

ఇక డెజర్ట్ నేషనల్ పార్కు సంగతి. జైసల్మేరు, బాడ్‌మేరు జిల్లాల్లో 3,162 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. ఏర్పాటైంది 1980లో. లోపల ఊళ్లున్నాయి, మేకల మందలున్నాయి. ఇసుక తిన్నెలు మాత్రం సుమారు ఐదో వంతే. మిగతాదంతా గడ్డి, రాతినేల, పొదలు. జైసల్మేరుకి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న సమ్ తిన్నెల దగ్గర సాయంత్రమైతే తిరనాళ్లే. ఒంటెలు, పాటలు, ఫొటోలు! మేమూ ఒంటె ఎక్కాం. అది లేచేటప్పుడు మా ఆవిడ పెట్టిన కేకకి పక్క ఒంటె కూడా ఉలిక్కిపడింది.

మర్నాడు అకల్ చూశాం. ఊరికి 17 కిలోమీటర్లే. సుమారు 18 కోట్ల ఏళ్ల కిందటి చెట్లు రాళ్లయిపోయి పడున్నాయక్కడ. ఇప్పుడు గుక్కెడు నీళ్లకి కటకటలాడే చోట ఒకప్పుడు పచ్చని అడవి! మధ్యాహ్నం సజ్జరొట్టెలూ, కేర్ సాంగ్రీ కూరా తిన్నాం. సాంగ్రీ అంటే ఏమిటో కాదు, దసరాకి మనం పూజ చేసే జమ్మిచెట్టు కాయలు! అక్కడ ఆ చెట్టును ఖేజ్డీ అంటారు.

మూడోరోజు తెల్లవారుజామున సుదాసరి. "ఇక్కడ మాట్లాడకూడదు, గట్టిగా దగ్గకూడదు" అన్నాడు దారి చూపించే ఆయన. పెళ్లయిన ఆర్నెల్లలో మేమిద్దరం అంతసేపు మాట్లాడుకోకుండా కూర్చున్నది అదే మొదటిసారి. అలగకుండా కూర్చోవడం కూడా! చింకారా జింకలు వచ్చి మమ్మల్ని చూసి వెళ్లాయి. ఎడారి నక్క ఒకటి గడ్డిలోంచి తల ఎత్తింది. రెండు గంటలు గడిచాక మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

దూరంగా సేవణ్ గడ్డిలో... నల్లటి టోపీ, పొడుగాటి మెడ, జమీందారు నడక! తాతయ్య చెప్పింది చెప్పినట్టే ఉంది. వాళ్లు గోడావణ్ అనేది మన బట్టమేకనే. మగపక్షి మీటరు ఎత్తు, 15 కిలోల వరకూ బరువు. ఆడపక్షి సాధారణంగా ఏడాదికి ఒక్కటే గుడ్డు, అదీ కటిక నేల మీద పెడుతుంది. బైనాక్యులర్స్ తీసేసరికి మా ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయి. ఏమీ అడగలేదు నేను.

మన కర్నూలు జిల్లాలో (ఇప్పుడు నంద్యాల జిల్లా) ఈ పిట్ట కోసమే 1988లో రోళ్లపాడు అభయారణ్యం ఏర్పాటైంది. అక్కడిది దాదాపు కనుమరుగైంది. దేశమంతటా స్వేచ్ఛగా తిరిగేవి సుమారు 150 మాత్రమేనని అంచనా, వాటిలో ఎక్కువ ఈ జైసల్మేరులోనే. ఎదురుగా ఉన్న వస్తువు ఈ పిట్టకి సరిగా కనబడదు. గాలిమరల నుంచీ, సోలార్ ప్లాంట్ల నుంచీ వచ్చే కరెంటు తీగలకి కొట్టుకుని చస్తోంది. తీగల్ని భూమిలో వెయ్యమని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అంతటా అది సాధ్యం కాదన్న వాదన విని 2024లో నిపుణుల కమిటీ వేసింది. కరెంటూ కావాలి, పిట్టా కావాలి, చిక్కంతా అదే! ఊరట ఏమిటంటే 2019 నుంచి ఇక్కడ గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచుతున్నారు. 2024లో కృత్రిమ గర్భధారణతో కూడా ఒక పిల్ల పుట్టింది.

మీరూ జంటగా వెళ్లాలనుకుంటే నవంబరు, ఫిబ్రవరి మధ్య వెళ్లండి. రాత్రి చలి ఎముకలు కొరుకుతుంది, స్వెట్టర్లు మరిచిపోకండి. సుదాసరికి జైసల్మేరులోనే అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. షిఫాన్ చీర సమ్ తిన్నెల దగ్గర కట్టుకోండి, సుదాసరికి మాత్రం మట్టిరంగు బట్టలే మేలు. పిట్ట కనబడితే వెంటపడకండి, దూరం నుంచే చూసి రండి. మీ తర్వాత వచ్చే జంటకి కూడా అది కనబడాలి కదా!